ఆ పడవలో ఒకటే స్విచ్చు: రాత్రి సముద్ర విహారాలు నడిపేవారికి, అనుమతులిచ్చేవారికి బహిరంగ లేఖ

మెరిసే సముద్రాన్ని చూపిస్తామని రాత్రిపూట పడవలు నడుపుతున్న యజమానులకు, సరంగులకు, ఆ పడవలకు అనుమతులిచ్చే రేవు అధికారులకు, పర్యాటక శాఖ అధికారులకు నమస్కారం.

మూడు నెలల కిందట నేను, మా అమ్మ, మా అబ్బాయి కలిసి మీలో ఒకరి పడవ ఎక్కాం. తిరిగొచ్చాక ఆ యజమానికి రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని యంత్రం పంపిన జవాబొకటి వచ్చింది. రెండోదానికి అదీ లేదు. అనుమతులిచ్చే కార్యాలయానికి వెళ్తే, కౌంటర్లో ఉన్నాయన నా కాగితం ఓపిగ్గానే చదివి, "బోటుకి లైసెన్స్ ఉందమ్మా. రాత్రి ట్రిప్పుకంటూ మా దగ్గర వేరే రూల్ ఏమీ లేదు" అని వెనక్కిచ్చేశారు. ఆయన అబద్ధం చెప్పారని నేననను. నా ఫిర్యాదులో సగం ఆ మాటే.

అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. యజమాని పేరు గానీ పడవ పేరు గానీ ఇందులో పెట్టడం లేదు. ఒక్కరిని బజారుకీడిస్తే మిగతావాళ్ళు చేతులు దులుపుకుంటారు. పైగా ఆ తర్వాత ఇలాంటి ట్రిప్పులకు వెళ్ళొచ్చిన వాళ్ళని కదిపితే చాలామంది చెప్పింది ఇంచుమించు ఇదే కథ.

ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తాను.

తొమ్మిదిన్నరకు బయల్దేరాం. పడవలో 20 మందికి పైనే ఉన్నాం. టికెట్లిచ్చే చోట పెద్ద ఫ్లెక్సీ పెట్టారు. అందులో నల్లటి సముద్రం మీద నీలిమంటల్లా అలలు, ఒడ్డున ఓ అమ్మాయి నీడ. పడవెక్కితే అంచు పొడవునా రంగురంగుల ఎల్‌ఈడీ పట్టీలు ఎరుపు, పచ్చ, ఊదా మారుతూ పరుగులు పెడుతున్నాయి. ముందు భాగాన ఫ్లడ్ లైటు. వెనకాల స్పీకర్లో పాటలు. గైడ్ కుర్రాడు నీళ్ళవైపు చెయ్యి చూపిస్తూ "అదిగో, అదిగో" అంటున్నాడు. జనం ఫోన్లు బయటికి తీసి, ఫ్లాష్ వేసి మరీ సముద్రాన్ని ఫోటోలు తీస్తున్నారు. మా అమ్మకి 68 ఏళ్ళు. అరగంటసేపు మెడ వంచి చూసి చూసి, "ఏదే మెరిసేది? నాకు మన బోటు లైట్లే నీళ్ళలో కనబడుతున్నాయి" అంది. నిజమే మరి, అక్కడ అంతకన్నా కనబడేదేమీ లేదు. మా వాడు అప్పటికే నా ఒళ్ళో నిద్రపోయాడు.

తిరుగుదారిలో మోటారు ఒక్కసారిగా గరగరలాడి ఆగిపోయింది. రెక్కలకి వల ముక్క చుట్టుకుందన్నారు. బ్యాటరీ దిగిపోతుందని సరంగు అరిచాడు. ఎవరో స్విచ్చు నొక్కారు. ఎల్‌ఈడీలు, ఫ్లడ్ లైటు, పాటలు, దాంతోపాటు పడవకి అటూ ఇటూ ఉండాల్సిన ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం, వెనకనున్న తెల్లదీపం, అన్నీ ఒకేసారి ఆరిపోయాయి. అంతసేపూ నెత్తిమీదున్న చంద్రుడు కూడా అప్పుడే మబ్బు చాటుకెళ్ళాడు.

ఓ పది నిమిషాలు ఎవరికీ ఏమీ కనబడలేదు. తర్వాత ఒక కుర్రాడు వలని తప్పించడానికి గెడ తీసి నీళ్ళలో పెట్టి కదిపాడు. గెడ చుట్టూ నీలంగా నిప్పు రాజుకున్నట్టయింది. తీస్తే ఆరిపోయింది, పెడితే మళ్ళీ రాజుకుంది. పడవలో మాటలాగిపోయాయి. అమ్మ అంచు మీద నుంచి వంగి చెయ్యి ముంచింది. వేళ్ళ సందుల్లోంచి వెలుగు జారింది. చెయ్యి పైకి తీశాక గాజు పక్కన, మణికట్టు మీద ఒక్క చుక్క మిగిలిపోయి, అమ్మ వేలితో తాకగానే ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది. "మిణుగురేనే, నీళ్ళలో మిణుగురు" అంది. నేను మా వాణ్ణి నిద్ర లేపాను.

అప్పుడు వినబడింది ఇంకో మోటారు చప్పుడు. మాలాంటిదే ఇంకో పడవ, ఎల్‌ఈడీలు ధగధగలాడిస్తూ నేరుగా మా మీదికే వస్తోంది. దాని లైట్ల జిగేలులో దాని సరంగుకి మేం కనబడే ప్రశ్నే లేదు, మా పడవకేమో ఒక్క దీపమూ లేదు. కుర్రాళ్ళు కేకలు వేశారు. జనం ఫోన్ల టార్చీలు ఊపారు. చివరి క్షణంలో అది పక్కకి తిరిగింది. మధ్యలో రెండు గెడల దూరం ఉంటుందేమో. దాని అలకి మా పడవ పక్కకి ఒరిగి, అమ్మ చెక్కబల్ల మీద పడి మణికట్టు వాచిపోయింది. ఇందాక చుక్క వెలిగిన చెయ్యే. అప్పుడు లెక్కపెట్టాను, లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్ళం తొమ్మిది మందిమి. మిగతావి బల్ల కింద పెట్టెలో ఉన్నాయి, పెట్టెకి తాళం ఉంది.

మాకు దొరికిన అందం, తప్పిన గండం రెండూ ఒకే స్విచ్చుతో వచ్చాయి. ఆర్పాల్సిన లైట్లు గంటసేపు వెలిగించారు. వెలుగుతూనే ఉండాల్సిన లైట్లు ఆర్పేశారు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. అయితే "ఏదో ఒక రాత్రి పొరపాటు" అని మీరు తీసిపారేయకుండా ఉండాలంటే ఒక్కొక్కటిగా చెప్పక తప్పదు.

1. మీరు అమ్ముతున్న సరుకు చీకటి.

పడవ మాకు అవసరం లేదు, పాటలు ఇంట్లోనూ ఉన్నాయి. మేం డబ్బులిచ్చింది చీకటి కోసం. మసక వెలుతురులో చూడటానికి మన కంట్లో దండ కణాలుంటాయి. వెలుతురు లోంచి చీకట్లోకి వచ్చాక అవి బాగా పనిలోకి దిగడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా మన మొహం మీద ఫోన్ ఫ్లాష్ కొడితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. గంట ట్రిప్పులో గంటా లైట్లు వెలిగితే ఆ కణాలకి డ్యూటీ ఎక్కే అవకాశమే రాదు. వయసు పెరిగేకొద్దీ కన్ను చీకటికి అలవాటుపడటం ఇంకా ఆలస్యమవుతుంది కాబట్టి ముందు నష్టపోయేది మా అమ్మలాంటివాళ్ళు.

అవతలివైపు సంగతీ చూడండి. రాత్రిళ్ళు ఇలా మెరిసేవాటిలో ఎక్కువ భాగం డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు. నీరు కదిలి ఒత్తిడి తగలగానే ఒక్కో కణం మెరుస్తుంది. ఆ మెరుపు ఉండేది సెకనులో దాదాపు పదోవంతు. వీటిలో చాలా రకాలకి లోపల ఒక గడియారం ఉంటుంది. పగలు ఎంత కదిపినా పలకవు, రాత్రే మెరుస్తాయి. వాటి మీద గట్టి వెలుతురు పడితే రాత్రి కూడా మెరుపు తగ్గిపోతుంది. అంటే మీ ఫ్లడ్ లైటు మా కళ్ళనే కాదు, చూడాల్సిన జీవినీ ఆర్పేస్తోంది. టికెట్ అమ్మి తెర దించేసినట్టుంది ఈ వ్యవహారం.

కోరేది: అలంకరణ లైట్లు పూర్తిగా తీసేయాలి. పడవ లోపల కాళ్ళ దగ్గర చూసుకోవడానికి మసక ఎర్ర దీపాలు చాలు. ఎర్ర వెలుతురు దండ కణాలని పెద్దగా చెదరగొట్టదు. ఎక్కే ముందే ఫోన్లు జేబులో పెట్టించండి. కాసేపు గొణుక్కుంటారు, గెడ చుట్టూ నిప్పు చూశాక మానేస్తారు.

2. వెలగాల్సిన లైట్లకు వేరే స్విచ్చు.

"రాత్రి ట్రిప్పుకి వేరే రూల్ లేదు" అన్న అధికారిగారికి మర్యాదగానే చెప్తున్నాను, రూల్ ఉంది. సముద్రంలో పడవలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా 1972లో అంతర్జాతీయ నిబంధనలు చేశారు. 1977 నుంచి అమల్లో ఉన్నాయి. వాటిలో 20వ నిబంధన ప్రకారం సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా దారిదీపాలు వెలుగుతూ ఉండాలి. ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెలుపు, మోటారు పడవకైతే పైన ఇంకో తెల్లదీపం. ఎదుటివాడు రంగుని బట్టే ఇది ఎటు పోతోందో పోల్చుకుంటాడు. బాగా చిన్న పడవలకి సడలింపులున్నాయి. 7 మీటర్ల లోపు పొడవుండి, 7 నాట్లకి (గంటకి సుమారు 13 కిలోమీటర్లు) మించి వెళ్ళలేని మోటారు పడవకి చుట్టూ కనిపించే ఒక్క తెల్లదీపం చాలు. తెడ్లతో నడిచే పడవ కనీసం ఒక టార్చీ చేతికందేలా ఉంచుకుని, ఢీకొనే ముప్పు ఉందనిపిస్తే ముందుగానే చూపించాలి. అసలు దీపమే లేకుండా ఉండటానికి మాత్రం ఎవరికీ వెసులుబాటు లేదు.

నాకు తెలిశాక ఆశ్చర్యం వేసిన సంగతి ఇంకోటుంది. దారిదీపాలని మరుగుపరిచే లైట్లు గానీ, వాటిలా భ్రమపెట్టే లైట్లు గానీ, చుట్టూ కాపలా చూడటానికి అడ్డొచ్చే లైట్లు గానీ పెట్టకూడదని అదే 20వ నిబంధన అంటుంది. ఎరుపు, ఆకుపచ్చ మార్చి మార్చి వెలిగే ఎల్‌ఈడీ పట్టీ ఈ మూడు తప్పులూ ఒక్కటే చేస్తోంది. 5వ నిబంధన ఏమో ప్రతి పడవా అన్ని వేళలా కంటితోనూ చెవితోనూ కూడా కాపలా కాయాలంటుంది. స్పీకర్ పక్కన కూర్చున్న సరంగు చెవికి ఇంకో మోటారు చప్పుడు ఎలా వినబడుతుంది? ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది మా పడవ పాటలు ఆగిపోవడమే. వచ్చే పడవలో పాటలు ఆగలేదు.

కోరేది: దారిదీపాలకి, మిగతా లైట్లకి వేర్వేరు వైర్లు, వేర్వేరు స్విచ్చులు, వీలైతే వేర్వేరు బ్యాటరీలు. ఇది పెద్ద ఖర్చు కాదని మీ ఎలక్ట్రీషియనే చెప్తాడు. నడుస్తున్నంతసేపూ ముందు భాగాన ఒక మనిషి కేవలం చూడటానికే ఉండాలి.

3. లైఫ్ జాకెట్ గురించి ఒక్క మాట. పెట్టెలో ఉన్న జాకెట్ ఎవరినీ తేల్చదు. రాత్రి నీళ్ళలో పడిన మనిషి పగటి మనిషిలా కనబడడు. ప్రతి జాకెట్‌కి ఈల, చిన్న దీపం ఉండాలి, ఎక్కేముందే అందరికీ తొడగాలి, పిల్లలకి పిల్లల సైజువి ఉండాలి. తాళం మాట మళ్ళీ ఎత్తను, రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

4. చంద్రుణ్ణి దాచి టికెట్లు అమ్మొద్దు.

మేం వెళ్ళింది పౌర్ణమికి ముందురోజు. తప్పు నాదీ ఉంది, క్యాలెండర్ చూసుకోలేదు. కానీ టికెట్ అమ్మినవాళ్ళకి తెలియకుండా ఉంటుందా? నిండు వెన్నెల్లో సముద్రం అందంగానే ఉంటుంది, అది వేరే అందం. మెరుపులు చూడాలంటే అమావాస్యకి అటూ ఇటూ రోజులు మంచివి. పౌర్ణమి దాటాక కూడా దారి ఉంది. చంద్రోదయం రోజుకి సగటున 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, నాలుగైదు రోజులయ్యేసరికి సాయంత్రం చీకటిపడ్డాక మంచి వ్యవధే దొరుకుతుంది. చుక్కాని పట్టేవాళ్ళకి ఇది నేను నేర్పాల్సిన విద్య కాదు.

టైం విషయంలో ఆ జీవులు మనకన్నా నిక్కచ్చి. అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడా దీవుల తీరంలో ఒక రకం సముద్రపు పురుగులున్నాయి. వేసవిలో పౌర్ణమి వెళ్ళిన రెండు మూడు రోజులకి, పొద్దుగూకిన 55 నిమిషాల ప్రాంతంలో ఆడ పురుగులు అడుగు నుంచి పైకొచ్చి ఆకుపచ్చగా మెరుస్తూ గుండ్రంగా తిరుగుతాయి. ఆ వెలుగు చూసి మగవి కింది నుంచి దూసుకొస్తాయి. కాసేపట్లో అంతా అయిపోతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ రోజున, ఆ సమయానికే ఒడ్డుకి వెళ్ళి నిలబడతారు. మన దగ్గర పడవ నిండితే బయల్దేరడమే ముహూర్తం.

కోరేది: ప్రతి టికెట్ మీదా ఆ రోజు చంద్రోదయ, చంద్రాస్తమయ సమయాలు అచ్చువేయండి. వెన్నెల రాత్రి అయితే "ఇవాళ మెరుపులు సరిగా కనబడకపోవచ్చు" అని ముందే చెప్పండి. తెలిసి ఎక్కేవాళ్ళు ఎక్కుతారు.

5. ఫ్లెక్సీ మీది బొమ్మ.

కెమెరా ఒకే ఫోటో కోసం పది, ఇరవై సెకన్లు కన్ను తెరిచి ఉంచి వెలుతురుని పోగుచేసుకోగలదు. మన కంటికి ఆ వసతి లేదు. పైగా దండ కణాలకి రంగులు తెలియవు. అందువల్ల దూరాన మసగ్గా ఉన్న మెరుపు మనకి బూడిదరంగు మంచులానో, పాలనురగలానో కనిపిస్తుంది. కెమెరా మాత్రం దాన్ని నీలంగా పట్టుకుంటుంది. దగ్గరగా, గట్టిగా మెరిసినప్పుడే మనకూ ఆ నీలం తెలుస్తుంది. ఫ్లెక్సీ చూసి వచ్చిన పిల్లాడు నీలిమంటల కోసం వెతికి వెతికి, కళ్ళెదుట ఉన్న అసలుదాన్ని "ఇదేనా?" అనేస్తాడు. ఫోటో పెట్టండి, కింద "కెమెరాలో ఇలా, కంటికి ఇంతకన్నా మసకగా" అని ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం వల్ల గిరాకీ పడిపోతుందని నేననుకోను.

6. నీళ్ళు బాగుంటేనే మెరుపులు.

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇక్కడ నష్టపోయేది మేమొక్కళ్ళమే కాదు. మీ వ్యాపారం కూడా.

అమెరికా ఆధీనంలోని కరీబియన్ దీవి ప్యూర్టో రికోలో మూడు మెరిసే జలాలు పేరుపడ్డాయి. అక్కడి వియెకెస్ దీవిలోని మస్కిటో బే అనే చిన్న అఖాతం ప్రపంచంలోకెల్లా ప్రకాశవంతమైనదని గిన్నిస్ వాళ్ళు గుర్తించారు. చుట్టూ మడ అడవులు, సముద్రంలోకి సన్నటి దారి, లోతు తక్కువ. మడ ఆకులు కుళ్ళి ఆహారమవుతుంటే, ఆ ఏకకణ జీవులు బయటికి కొట్టుకుపోకుండా లోపలే పెరుగుతాయి. అక్కడ 2007 నుంచి ఈత నిషేధం. జనం తెడ్డు పడవల్లో వెళ్ళి చూసొస్తారు. అదే ప్యూర్టో రికోలో లా పార్గేరా అనే చోట మోటారు పడవలు తిరుగుతాయి, నీళ్ళలోకి దిగనిస్తారు. వెనకటి వెలుగు ఇప్పుడక్కడ లేదని ఎన్నో ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు. మూడోది ఫహార్డోలోని లగూనా గ్రాండే. 2013 నవంబరులో ఉన్నట్టుండి అది చీకటైపోయింది. వాతావరణమా, దగ్గర్లో జరుగుతున్న నిర్మాణాలా, కొట్టుకొచ్చిన నీళ్ళా అని వాదనలు నడుస్తుండగానే ట్రిప్పులు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆ ట్రిప్పుల మీద బతికే వాళ్ళందరికీ ఆ రోజుల్లో పనిలేదు. 2017 సెప్టెంబరులో మరియా తుపాను తర్వాత మస్కిటో బే కూడా మసకబారింది, నెలల తర్వాత తేరుకుంది. తుపానుని మనం ఆపలేం. డీజిల్ తెట్టుని ఆపగలం.

మా పడవ ఆగినచోట నీటి మీద ఆ తెట్టు వాసన వచ్చింది. దాని పక్కనే గైడ్ ఓ బకెట్‌తో నీళ్ళు తోడి, కర్రతో తిప్పి, "చెయ్యి పెట్టి చూడండి" అని అందరి ముందుకీ తిప్పాడు. దోమల మందు, సన్‌స్క్రీన్ రాసుకున్న పాతిక చేతులు ఆ బకెట్లో మునిగాయి. నాదీ మునిగింది. ఆ తర్వాత ఆ నీళ్ళని సముద్రంలోకే ఒంపేశారు. ఒంటికి రాసుకునే ఆ రసాయనాలు ఈ జీవులకి మంచివి కావు. ఇంకో సంగతి, వీటి దగ్గర మెరుపు సరుకు అంతులేనిదేమీ కాదు. ఒక రాత్రిలో పదే పదే కదిపితే ఖర్చయిపోయి మందగిస్తాయి, మళ్ళీ పోగుచేసుకోవడానికి వ్యవధి కావాలి. ఒకేచోట ఐదు పడవలు చక్కర్లు కొడితే ఐదో పడవవాళ్ళకి మిగిలేది మిగులూ తగులూ.

అలాగని ప్రతి మెరుపూ మంచి కబురు కాదు. నాక్టిల్యూకా అనే మెరిసే ఏకకణ జీవి, నీళ్ళలో పోషకాలు మితిమీరినప్పుడు విపరీతంగా పెరిగి, పగలు నీటిని ఎర్రగానో నారింజగానో, ఇంకో రకమైతే ఆకుపచ్చగానో మార్చేస్తుంది. దాని ఒంట్లో అమోనియా పేరుకుంటుంది. ఆ గుంపు చచ్చి కుళ్ళితే నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలకి ప్రాణం మీదికొస్తుంది. అలాంటి రోజున రాత్రి వెలుగు అద్భుతంగా ఉంటుంది. ఆ నీళ్ళలో పిల్లల్ని దింపి ఆడించడం మాత్రం తెలివైన పని కాదు. పగలు నీటి రంగు మారితే ప్రయాణికులకి చెప్పాల్సిన బాధ్యత మీది, నీళ్ళు పరీక్ష చేయించాల్సిన బాధ్యత అధికారులది.

కోరేది: ఒక్కో చోటికి ఒక్కో రాత్రి ఎన్ని పడవలన్నదానికి లెక్క ఉండాలి. చూసే చోట మోటారు ఆపి తెడ్డు వేయండి, లేదా బ్యాటరీ మోటారు పెట్టండి. బకెట్ ఆట మానేయండి. దోమల మందు బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకుని రమ్మని ముందే చెప్పండి.

7. వలలు కోల్పోతున్నవాళ్ళు.

మా మోటారుకి చుట్టుకున్నది తాడు కాదు, వల. ఎవరో సాయంత్రం వేసుకుని, తెల్లారుజామున తీసుకోవడానికి వదిలి వెళ్ళిన వల. మా కుర్రాడు కత్తితో కోసి ముక్కలు నీళ్ళలోకి విసిరేశాడు. దిగాక "అది ఎవరిదో తెలుసా?" అని సరంగుని అడిగితే "రోజూ తగుల్తూనే ఉంటాయండి" అన్నాడు. ఆ "రోజూ" అన్న మాట ఇన్నాళ్ళైనా నన్ను వదల్లేదు. మేం గంట సరదాకి వెళ్ళిన దారిలో ఒకరి మర్నాటి సంపాదన తెగిపోయింది, ఆయనకి ఎవరు తెంపారో కూడా తెలియదు. నీళ్ళలో మిగిలిన ముక్కలు చేపల్నీ తాబేళ్ళనీ పట్టుకుంటూనే ఉంటాయి.

జాలర్లూ పర్యాటకులూ ఒకే నీటి మీద బతకలేరా అంటే బతకగలరు. జపాన్‌లోని తొయామా అఖాతంలో వసంతకాలంలో మిణుగురు స్క్విడ్‌లు అనే చిన్న సముద్రజీవులు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికొస్తాయి. వేలెడంత ఉంటాయి, ఒంటినిండా నీలం చుక్కలు. వాళ్ళు ఆ సముద్రభాగాన్ని 1952లో ప్రత్యేక సహజ స్మారకంగా ప్రకటించారు. అయినా వేట ఆపలేదు. నమెరికవా రేవు నుంచి తెల్లవారకముందే చూసేవాళ్ళ పడవ బయల్దేరి, జాలర్లు వల లాగే చోటికి వెళ్ళి పక్కన నిలబడుతుంది. చూపించేది జాలరి పనినే. మన దగ్గర జాలరి వల మన దారికి అడ్డు.

కోరేది: రాత్రి పడవల దారులు స్థానిక జాలర్లని కూర్చోబెట్టి నిర్ణయించండి. వల తెగితే పరిహారం పడవ యజమాని ఇవ్వాలి, తెగిన సంగతి ఆ రాత్రే రేవులో చెప్పాలి.

8. గైడ్ల మీద నాకు కోపం లేదు. ఆ కుర్రాడు మర్యాదస్తుడు, మా అమ్మని చెయ్యి పట్టుకుని దించాడు. కానీ ఎందుకు మెరుస్తోందని మా వాడు అడిగితే "సముద్రంలో భాస్వరం ఉంటుంది బాబూ" అన్నాడు. భాస్వరం కాదు. లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు లూసిఫెరేజ్ అనే ఎంజైము సాయంతో వెలుగు పుడుతుంది. వేడి దాదాపు ఉండదు. జీవసందీప్తి అని పాఠాల్లో ఉన్నదే. అంతకుముందు అతను టార్చీ వేసి ఒక దువ్వెన జెల్లీని (జెల్లీఫిష్‌లా కనిపించే జీవి) చూపించి, దాని ఒంటిమీద పరిగెత్తే ఇంద్రధనుస్సు గీతలు దాని సొంత వెలుగన్నాడు. అవి మన టార్చీ వెలుతురే. దాని దువ్వెన వరసల మీద పడి రంగులుగా విడిపోతుంది. టార్చీ ఆర్పి ఉంటే దాని సొంత నీలం కనబడేదేమో!

పిల్లలకి చెప్పడానికి ఎన్ని కథలున్నాయో చూడండి. ఒక మెరిసే జెల్లీఫిష్ నుంచి ఒసాము షిమొమురా వేరుచేసిన ఆకుపచ్చ ప్రోటీన్ ఇవాళ ప్రయోగశాలల్లో జీవకణాల లోపల జరిగేది కంటితో చూడటానికి వాడుతున్నారు. దానికి 2008లో ఆయనకీ మరో ఇద్దరికీ రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కాలిఫోర్నియా తీరంలో 17 ఏళ్ళ వీడియోలు చూసి లెక్కేస్తే, నడిమి నీళ్ళలో కనబడిన జంతువుల్లో 76 శాతం మెరవగలిగినవేనని 2017లో తేల్చారు. గైడ్లకి రెండు రోజుల శిక్షణ ఇస్తే వాళ్ళే చక్కగా చెప్తారు. పాటలు పెట్టాల్సిన అవసరమూ తప్పుతుంది.

అధికారులకు వేరుగా ఒక మాట. పైన చెప్పినవన్నీ యజమానుల మంచితనానికి వదిలేస్తే జరగవు. ఒకాయన ఎల్‌ఈడీలు తీసేస్తే పక్కాయన పడవకి జనం ఎగబడతారని ఆయన భయం, అందులో తప్పూ లేదు. అందుకే నియమం అందరికీ ఒకేసారి రావాలి. రాత్రి విహారానికి పగటి లైసెన్స్ సరిపోతుందన్న పద్ధతి మానేసి, విడిగా రాత్రి అనుమతి పెట్టండి. దారిదీపాల స్విచ్చు, జాకెట్లు, కాపలా మనిషి, పడవల సంఖ్య, పాటల నిషేధం, వలల దారి, ఈ ఆరూ చూసి సంతకం పెట్టండి. నెలకోసారి రాత్రిపూట మీరే టికెట్ కొనుక్కుని, యూనిఫాం లేకుండా ఎక్కి చూడండి. ఈ లేఖకి 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. రాకపోతే ఆ రాత్రి పడవలో నాతో ఉండి సంతకాలు పెట్టిన పదకొండు మందితో కలిసి పైఅధికారుల దగ్గరికి వెళ్తాం. ఈ ట్రిప్పులు మూయించాలని మాలో ఎవరూ కోరడం లేదు.

అమ్మ చెయ్యి వాపు తగ్గింది. "మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తావే?" అని వారానికోసారి అడుగుతోంది. అమావాస్య చూసి వస్తాం. ఎక్కేముందు మీ సరంగుని ఒక్కటే అడుగుతాను, స్విచ్చులు ఎన్ని ఉన్నాయో చూపించమని.

ఇట్లు,
ఆ రాత్రి పడవలోని ఒక ప్రయాణికురాలు